వ్యాఖ్యల గడి

శనివారం తెల్లారకముందే పలాస స్టేషన్లో
విశాఖ పాసింజరు కోసం నిలబడతాను.
సంచిలో నాలుగు ఇడ్లీలు, ఒక అసైన్‌మెంటు.
ఒంట్లో ముప్పై తొమ్మిదేళ్లు.

ఆమదాలవలసలో దిగి, ఆటో ఎక్కి, బస్సు మారి
ఎచ్చెర్ల చేరేసరికి
మొదటి క్లాసు సగం అయిపోయి ఉంటుంది.
నా పక్కన కూర్చునే పిల్లకి
నా పెళ్లినాటికి పాలపళ్లు కూడా రాలేదు.

"లైబ్రరీ సైన్సులో పీజీయా? స్కూల్లో ఆ పోస్టు ఉందేటి?"
సెలవు చీటీ మీద సంతకం పెడుతూ నవ్వేరు మా హెడ్మాస్టరు.
లేదు.
ఉన్నది ఒక బీరువా,
పదకొండేళ్లుగా నా కొంగున దాని తాళం.
గంట కొట్టడం, సుద్దముక్కలు పంచడం నా ఉద్యోగం.
బీరువా తెరవడం అందులో రాసి లేదు.

చదువు మొదలెట్టేక ఒక జబ్బు పట్టుకుంది,
కనిపించినదానికల్లా అంకె తగిలించడం.
రైలు 385.
తలుపు దగ్గర చేపల గంప 639.
గంప తియ్యమని అరిచే టీసీని
ఎక్కడ పెట్టాలో తేలక వదిలేశాను.
తుఫాను 551, చుక్క, ఇంకో రెండు అయిదులు.
తుఫానుకి కూలిన మా జీడితోట మీది అప్పు 332.
తోట మాత్రం ఏ అరలోనూ నిలబడలేదు,
వేర్లు పైకి పెట్టి అడ్డంగా పడుంది.

తెలుగు ఎక్కడుందా అని వెతికాను.
ఎనిమిది వందల అరలో ముందు వరసల్లో లేదు.
"ఇతర భాషలు" అన్న ఆఖరి మూలలో, చుక్క దాటి,
894.827.
కాశీబుగ్గలో దిగి, సందు తిరిగి,
రేకుల షెడ్డు వెనక మూడో ఇల్లు అన్నట్టుంది చిరునామా.
అయినా దొరికింది.
ఆ రాత్రి దాన్ని అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను.
"అదెవలి ఫోన్ నెంబరే?" అంది మా అత్త.
"మనదే" అన్నాను.

నిల్వ తనిఖీ, అయిదు మార్కుల ప్రశ్న.
మా బీరువాలోనే చేశాను.
రిజిస్టరులో 412. అరల్లో 367.
మిగతా నలభై అయిదూ
ఎలకలకెన్ని, బదిలీ అయిన టీచర్లకెన్ని, వాన నీటికెన్ని
అని పంచుతుండగా
తొమ్మిదో తరగతి తెప్పల ఢిల్లేశ్వరి వచ్చింది
చున్నీ కింద ఏదో దాచుకుని.

"మూడేళ్ల కిందట మా అక్క అట్టుకెల్లిపోనాది మేడమ్.
అది చదివీసింది. నానూ చదివీసినాను.
పిక్కలు కొడతా చదివితే
పేజీ మా యమ్మ తిప్పీది."
"అమ్మకి చదువొచ్చా?"
"రాదు."
"ఎప్పుడు తిప్పాలో ఎలా తెలుస్తాది?"
"నాను ఊపిరి పీలిస్తే తిప్పీది."

అట్ట లేదు.
ప్రతి పేజీ మూలా గోధుమరంగు వేలిముద్ర,
జీడి చీడు కాల్చినట్టు.
వెనక ఖాళీ కాగితం మీద పెన్సిలుతో
కేజీలు, కూలి, కోత.
లోపలెక్కడో ఒక్క మాట చుట్టూ సున్నా: దిగంతం.
అర్థం ఎవర్ని అడిగేరో.

మరకలు పడ్డవి, అట్ట ఊడినవి
కమిటీ అనుమతితో తొలగించవలెను అంటుంది నా పాఠం.
మా కమిటీ అంటే
హెడ్మాస్టరు, నేను, బీరువా వెనక బల్లి.

మెతుకులు మెదిపి, పాత క్యాలెండరు చింపి
అట్ట వేస్తుంటే ఢిల్లేశ్వరి చెప్పింది,
రేషన్ మిషను వాళ్లమ్మ వేలు పట్టుకోడం లేదట,
గీతలు అరిగిపోయాయని
నాలుగు నెలలుగా వెనక్కి పంపేస్తున్నారట.
నేను పేజీ మూల మరోసారి చూశాను.

218 ఎదురుగా ఎర్రసిరాతో
"పోయినది" అని రాసింది నేనే.
కొట్టేశాను.
వ్యాఖ్యల గడి బాగా ఇరుకు.
"ముగ్గురు చదివారు" అని పట్టించాను.

అసైన్‌మెంటు తిరిగొచ్చింది, అయిదుకి రెండున్నర.
ఈ గడిలో నిర్ణీత పదాలే వాడవలెను అని పక్కన గీత.
నిజమే, వాడాలి. పరీక్షలో వాడతాను.

పాసింజరు ఈ శనివారం కూడా గంట లేటు.
ఇడ్లీ తింటూ కొంగు తడుముకుంటే
ముడి వదులుగా తగిలింది.
తాళం ఢిల్లేశ్వరి దగ్గరుంది.